టైటిల్స్‌లో పడని పేర్లు: పాత రాక్షస సినిమాల హక్కుదారులకు ఒక బహిరంగ లేఖ

1950ల నాటి హాలీవుడ్ రాక్షస, సైన్స్ ఫిక్షన్ సినిమాల హక్కులు చేతిలో ఉన్న సంస్థల అధికారులకు,
స్టూడియో మ్యూజిక్ లైబ్రరీల బాధ్యులకు,
ఆ సినిమాలను ఇంటింటికీ చేరుస్తున్న స్ట్రీమింగ్ కంపెనీల కేటలాగ్ విభాగాల్లో పనిచేస్తున్న మన తెలుగు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

పాత ప్రింట్ల మీది గీతలు తుడిచి, మచ్చలు తీసి మళ్లీ చూపిస్తున్నందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. ఇంగ్లీషులో ఇప్పటికి నాలుగు మెయిళ్లు, ఒక రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. 11 నెలలైంది. "మీ విన్నపం అందింది" అని కంప్యూటర్ పంపిన జవాబే తప్ప మనిషి రాసిన వాక్యం ఒక్కటీ రాలేదు. అందుకే ఈసారి నా భాషలో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఈ భాష చదవగలిగినవాళ్లు మీ ఆఫీసుల్లోనే ఉన్నారని నాకు తెలుసు.

జరిగింది ఇది. నేను న్యూజెర్సీలో ఉంటాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు తెలుగువాళ్ల ఫంక్షన్లలో కీబోర్డు. మా చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు 9 మంది స్కూలు బ్యాండుల్లో వాయిస్తారు: ముగ్గురు ట్రంపెట్, ఇద్దరు క్లారినెట్, ఇద్దరు వయొలిన్, ఒక అమ్మాయి డ్రమ్స్, ఒకడు ట్రాంబోన్. ట్రాంబోన్ వాడికి పదకొండేళ్లు. మేం వాయించే పాటల్లో వాడికి పెద్దగా పని దొరకదు. ప్రాక్టీసు జరుగుతున్నంతసేపూ ఓ మూల కూర్చుని, వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూసుకుంటుంటాడు. వాడికి కూడా చేతినిండా పని ఉండే ఐటమ్ ఏదైనా హాలోవీన్‌కి పెడదామని వెతుకుతుంటే 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' గుర్తొచ్చింది. 1954 నాటి యూనివర్సల్ సినిమా. అమెజాన్ అడవుల్లో ఒక నల్లటి మడుగు, అందులో మొప్పల మనిషి. అందులోంచి ఒక రెండు నిమిషాల బిట్ చాలు.

నొటేషన్ కావాలి. పిల్లల వాద్యాలకు సరిపడేలా మార్చుకోవడానికి అనుమతి కావాలి. డబ్బు కట్టడానికి సిద్ధమే. హక్కులు చూసే ఒక సంస్థ వెబ్‌సైట్‌లో ఫారం తెరిచాను. 'కంపోజర్' అనే గడి నింపకపోతే ముందుకు కదలదు. హెర్మన్ స్టైన్ అని కొట్టాను. ఆ సినిమాకు ఆ పేరుతో రికార్డు లేదంది. హాన్స్ సాల్టర్ అన్నాను. లేదంది. హెన్రీ మాన్సినీ అన్నాను. అదీ లేదు. చివరికి, ఆ బిట్ రాయని జోసెఫ్ గెర్షెన్‌సన్ పేరు కొట్టాను. ఫారం హాయిగా వెళ్లిపోయింది.

అప్పుడే నాకు ఒళ్లు మండింది. ఈ ఉత్తరానికి కారణం అనుమతి రాకపోవడం ఒక్కటే కాదు, ఆ గడి కూడా.

ఆ సినిమా సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. గెర్షెన్‌సన్ గారు అప్పట్లో యూనివర్సల్ సంగీత విభాగం పెద్ద. వాద్యబృందాన్ని నడిపించేది ఆయనే. టైటిల్స్‌లో ఆయన పేరు పడటంలో తప్పేమీ లేదు. కానీ స్వరాలు రాసింది వేరేవాళ్లు. విభాగంలో జీతానికి, కాంట్రాక్టుకి పనిచేసే ఇద్దరు ముగ్గురు కూర్చుని సినిమాను ముక్కలుగా పంచుకునేవాళ్లు. ఈ సీన్లు నీవి, ఆ సీన్లు నావి. ఖాళీ మిగిలినచోట లైబ్రరీలోంచి పాత సినిమాల బిట్లు తీసి అతికించేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, మొత్తం పొత్తులో నడిచేది. తెరమీద మాత్రం ఒక్కటే పేరు.

'క్రీచర్' పని అలా ప్రధానంగా ముగ్గురి మధ్య నడిచింది. సాల్టర్ వియన్నాలో పుట్టి, బెర్లిన్‌లో పనిచేసి, 1937లో అమెరికా చేరిన మనిషి. స్టైన్ ఫిలడెల్ఫియావాడు, సంగీతం సొంతంగా నేర్చుకున్నాడు. మూడోవాడు అప్పటికి ముప్ఫై కూడా నిండని మాన్సినీ. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మాన్సినీయే. 1952 నుంచి 1958 దాకా యూనివర్సల్‌లో ఉండి వందకు పైగా సినిమాల్లో చెయ్యి పెట్టాడు. వాటిలో చాలావాటి తెరమీద ఆయన పేరు లేదు.

ఆ సినిమాలో మొప్పల మనిషి వచ్చినప్పుడల్లా మూడు స్వరాలు వినిపిస్తాయి. రాసింది స్టైన్. ట్రంపెట్లు, ట్రాంబోన్లు గొంతు చించుకుని అరిచినట్టు మూడే దెబ్బలు, చివరిది పొడుగు. మీ దగ్గర సినిమా ఉంది కాబట్టి ఒక పని చేయండి. ఒడ్డున టెంట్ దగ్గరి సీన్ పెట్టి సౌండ్ తీసేయండి. నీళ్లలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మట్టిని గీరుతుంది. చూస్తే తెలిసిపోతుంది, రబ్బరు తొడుగు. వేళ్ల మధ్య చర్మం కూడా రబ్బరే. ఇప్పుడు సౌండ్ పెట్టి మళ్లీ చూడండి. మా ఇంట్లో ఇది చేశాను. మొదటిసారి నవ్విన మా చిన్నవాడు రెండోసారి సోఫా మీద కాళ్లు పైకి లాక్కున్నాడు.

చిన్న బడ్జెట్ సినిమాల్లో సంగీతం చేసే పని ఇదే. 'టరాంచులా' (1955)లో రాక్షస సాలెపురుగు అసలు మామూలు సాలెపురుగే. గాలి ఊది దాన్ని కావలసిన దిక్కుకి నడిపించారు. దాన్ని కొండంత చేసింది కెమెరా పనితనం సగమైతే, స్టైన్, మాన్సినీ రాసిన సంగీతం మిగతా సగం. అక్కడా తెరమీద గెర్షెన్‌సన్ ఒక్కరే. 'ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' (1953)లో స్టైన్, మాన్సినీలతో పాటు ఇర్వింగ్ గెర్ట్జ్ కూడా రాశాడు. అదీ అంతే.

ఆ రోజుల్లో అదే ఆనవాయితీ అని మీరంటారేమో. కాదు. అంతకంటే బక్కచిక్కిన కంపెనీలు పేర్లు వేశాయి. 'రోబోట్ మాన్‌స్టర్' (1953) అనే సినిమా ఉంది. నాలుగు రోజుల్లో, 16 వేల డాలర్లతో తీశారని చెబుతారు. అందులో రాక్షసుడంటే గొరిల్లా వేషం తొడిగి, తలకు హెల్మెట్ పెట్టిన మనిషి. బుడగలు వదిలే మిషన్ ఇచ్చిన కంపెనీకి కూడా టైటిల్స్‌లో చోటిచ్చారు. సంగీతం దగ్గర మాత్రం శుభ్రంగా ఎల్మర్ బెర్న్‌స్టైన్ అని పడింది. వామపక్షవాదని అనుమానించి పెద్ద స్టూడియోలు పక్కన పెడితే ఆయన అప్పుడు ఇలాంటి పనులు చేసుకుంటున్నాడు. తర్వాత 14 సార్లు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు. 'అటాక్ ఆఫ్ ది 50 ఫుట్ ఉమన్' (1958)కి రోనాల్డ్ స్టైన్, 'ది అమేజింగ్ కొలోసల్ మ్యాన్' (1957)కి ఆల్బర్ట్ గ్లాసర్. వాళ్ల పేర్లూ పడ్డాయి. గొరిల్లా వేషం కిరాయికి తెచ్చుకునే స్థాయివాడు చేసిన మర్యాద పెద్ద స్టూడియో చేయలేదు.

సరే, అది 70 ఏళ్ల నాటి మాట. గెర్షెన్‌సన్ గారూ లేరు, ఆ ముగ్గురూ లేరు. చనిపోయినవాళ్ల మీద ఫిర్యాదు నాకు లేదు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఎవరు ఏం రాశారో మీకు తెలుసు. స్టూడియో దగ్గర క్యూ షీట్ అనే కాగితం ఉంటుంది. ఏ బిట్ ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లు, ఎవరు రాశారు, పబ్లిషర్ ఎవరు అని వరసగా ఉండే పట్టిక. కిరాణా కొట్టు పద్దు పుస్తకం అనుకోండి. రాయల్టీ లెక్క కట్టేది దాన్ని చూసే. అంటే డబ్బు పంచేచోట స్టైన్ పేరుంది, సాల్టర్ పేరుంది. జనం చూసేచోట లేదు. ఒకే సంస్థలో ఒక అల్మారాకి తెలిసిన సంగతి పక్క అల్మారాకి తెలియడం లేదు. దీనివల్ల ఎవరికి నష్టమో వరసగా చెబుతాను.

1. రాసినవాళ్ల ఇళ్లకు నష్టం. అమెరికాలో సినిమా హాల్లో బొమ్మ ఆడితే సంగీతం రాసినవాడికి ప్రదర్శన రాయల్టీ రాదు. 1948లో ఆల్డెన్ రోషెల్ కేసులో కోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచీ ఇంతే. టీవీలో వేస్తే వస్తుంది. 1957లో యూనివర్సల్ పాత భయానక చిత్రాలు 52 కట్టగా కట్టి స్క్రీన్ జెమ్స్ అనే కంపెనీ టీవీ స్టేషన్లకు అమ్మినప్పటి నుంచి, అర్ధరాత్రి షోలే ఈ సంగీతం రాసినవాళ్లకు ఒక ఆదరువు. ఇప్పుడు టీవీ స్థానంలోకి స్ట్రీమింగ్ వచ్చింది. ఏ సినిమా ఎన్నిసార్లు ఆడిందన్న లెక్కనూ, ఎవరు రాశారన్న లెక్కనూ కంప్యూటరే జతపరుస్తుంది. రెండు జాబితాల్లో పేర్లు వేరుగా ఉంటే జత కుదరడం కష్టం. సాల్టర్ 1994లో 98 ఏళ్లకు, స్టైన్ 2007లో 91 ఏళ్లకు, గెర్ట్జ్ 2008లో 93 ఏళ్లకు పోయారు. వారసులు ఎక్కడో ఉంటారు. తాత రాసిన సినిమా ఇంట్లో టీవీలో ఆడుతుంటే వివరాల పేజీలో తాత పేరు కనిపించకపోవడం ఎలా ఉంటుందో, డబ్బు సంగతి పక్కనపెట్టి, ఒకసారి ఊహించండి.

2. నేర్చుకునేవాళ్లకు, చిన్న బ్యాండులకు నష్టం. నా అసలు బాధ ఇక్కడుంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

కాగితం పోతే ఏమవుతుందో హాలీవుడ్‌కి బాగా తెలుసు. 1970 ప్రాంతంలో ఎం.జి.ఎం. స్టూడియో చోటు చాలడం లేదని తన మ్యూజిక్ లైబ్రరీని ఖాళీ చేయించింది. వాద్యబృందం మొత్తానికి రాసిన స్కోర్లు, ఒక్కో వాద్యకారుడి ముందు పెట్టే పార్ట్స్, అన్నీ చెత్తతో పాటు గుంతలు పూడ్చడానికి పోయాయి. మిగిలింది చాలావరకు షార్ట్ స్కోర్లే. మొత్తం బృందం వాయించేదాన్ని మూడు నాలుగు వరసల్లోకి కుదించి కండక్టర్ చూసుకోవడానికి రాసుకున్న కాగితాలు. జాన్ విల్సన్ అనే ఇంగ్లీష్ కండక్టర్ వాటిని ముందు పెట్టుకుని, సినిమా సౌండ్‌ట్రాక్ మళ్లీ మళ్లీ వింటూ, ఏ వరస ఏ వాద్యానిదో చెవితో పట్టి ఏళ్ల తరబడి తిరిగి రాశాడు. 2009లో లండన్‌లో ప్రామ్స్ అనే సంగీతోత్సవంలో ఆ సంగీతం మళ్లీ వినిపించింది. అవి ప్రపంచమంతా పాడుకున్న మ్యూజికల్స్ కాబట్టి అంత శ్రమపడే మనిషి దొరికాడు. సాలెపురుగు సినిమాకి ఎవరు దొరుకుతారు?

దొరికారు లెండి. డేవిడ్ షెక్టర్, కాథ్లీన్ మేన్ అని ఇద్దరు. మాన్‌స్ట్రస్ మూవీ మ్యూజిక్ అని సొంతంగా ఒక లేబుల్ పెట్టుకుని, షార్ట్ స్కోర్ల నుంచి మేన్ గారు పూర్తి స్కోర్లు తిరిగి కట్టి, పోలండ్‌లోని క్రాకోవ్ రేడియో సింఫనీ చేత, మసతోషి మిత్సుమోతో కండక్ట్ చేయగా వాయింపించారు. మొదటి సీడీలు 1996లో వచ్చాయి. వాటితో ఇచ్చే బుక్‌లెట్లలో ఏ బిట్ ఎవరిదో పేరుపేరునా ఉంటుంది. మీ అల్మారాలో కాగితాన్ని బయటి ఇద్దరు మనుషులు తమ డబ్బుతో చదివి జనానికి చెప్పాల్సి వచ్చింది. 30 ఏళ్లవుతోంది. మీ ఫారానికి ఇంకా ఆ పేర్లు తెలియవు.

మా ట్రాంబోన్ అబ్బాయి సంగతికి వస్తాను. మూడు స్వరాల బిట్ వినిపించి, చెవితో పట్టి, ఒక కాగితం మీద రాసిచ్చాను. సరైనదో కాదో నాకే నమ్మకం లేదు, ఇత్తడి వాద్యాలన్నీ కలిసి మోగినప్పుడు కింది స్వరాలు విడిగా పట్టుకోవడం నా వల్ల కాలేదు. వాడు ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లి వారం రోజులు అదే పని. వాళ్లమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, రాత్రి తొమ్మిదింటికి కూడా ఇదేం అరుపు, పక్కింటివాళ్లు వచ్చి అడుగుతున్నారు" అంది. తర్వాతి ప్రాక్టీసుకి అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. ఫోన్ బ్యాగులోనే ఉంది. అసలు కాగితం ఎప్పుడొస్తుందని వాడు నన్ను అడిగి 11 నెలలైంది.

3. చిన్న సినిమాలు తీసుకునే కుర్రాళ్లకు నష్టం. ఇక్కడి చట్టం ప్రకారం అప్పటి స్టూడియో పని 95 ఏళ్లు హక్కుల్లో ఉంటుంది. 1954 సినిమా బయటపడేది 2050 జనవరి 1న. అప్పటిదాకా పది సెకన్లు వాడుకోవాలన్నా మిమ్మల్నే అడగాలి. అడగడానికే దారి లేకపోతే ఇంకేం చేస్తారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఏదో ఒక గుయ్‌మనే శబ్దం పెట్టుకుంటారు.

4. వాయించినవాళ్లకు నష్టం. వీళ్లకు క్యూ షీట్‌లో కూడా చోటు లేదు. ఆ కాలపు సినిమాల్లో గ్రహాంతరవాసి రాగానే ఊళ పెట్టినట్టు ఒక వాద్యం వినిపిస్తుంది కదా, దాన్ని థెరమిన్ అంటారు. ముట్టుకోకుండా, గాలిలో చేతులు కదిపి వాయించే వాద్యం. హాలీవుడ్‌లో దాన్ని ఎక్కువగా వాయించింది డాక్టర్ శామ్యూల్ హాఫ్‌మన్. నిజంగానే డాక్టరు, పాదాల వైద్యం చేసేవాడు. 'రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్' (1950), 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' (1951) ఆయన చేతి చలవే. పగలు జనం కాళ్లు, రాత్రి అంగారక గ్రహం! ఇలాంటి మనిషి గురించి మీ వివరాల పేజీలో ఒక్క ముక్క ఉండదు.

5. చూసేవాళ్లకు నష్టం. జపాన్ వాళ్ల 'కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా' 1962లో వచ్చింది. సంగీతం అకిరా ఇఫుకుబే. 1954 నాటి మొదటి గాడ్జిల్లాకి కూడా ఆయనే రాశాడు. ఆ అరుపు సైతం ఆయన ఆలోచనే: డబుల్ బేస్ తీగను వదులు చేసి, జిగురు పట్టించిన తోలు చేతితొడుగుతో దాన్ని రుద్దించి పుట్టించారు. అలాంటివాడి సంగీతాన్ని, 1963లో అమెరికాలో విడుదల చేసేటప్పుడు చాలావరకు తీసేసి, యూనివర్సల్ లైబ్రరీలోని పాత బిట్లు అతికించారు. అందులో మన 'క్రీచర్' బిట్లూ ఉన్నాయి. అంటే ఇఫుకుబే రాసినదాన్ని జనం వినలేదు. విన్నది ఎవరు రాశారో జనానికి తెలియదు. ఒకే దెబ్బకు రెండు దేశాల కంపోజర్లు మాయం. తమ దేశంలో మాత్రం ఇఫుకుబే 1983లో తన రాక్షస సంగీతాన్ని సింఫనీ ఫాంటసీలుగా కూర్చితే టోక్యోలో ఆర్కెస్ట్రా వేదిక మీద వాయించింది. పేరూ కాగితమూ భద్రంగా ఉంటే అది సాధ్యమైంది.

ఇక్కడో చిన్న పిట్టకథ. రోజర్ కార్మన్ చౌక సినిమాలకు రాసిన ఫ్రెడ్ కాట్జ్ అనే చెల్లో వాద్యకారుడు, అదే స్కోరును కొత్తదని చెప్పి ఆయనకే మళ్లీ మళ్లీ అమ్మాడని చెప్పుకుంటారు. స్టూడియోలు ఒకే బిట్‌ను పది సినిమాల్లో వాడుకుంటే పొదుపు, కంపోజర్ అమ్మితే గడుసుతనం! నాకైతే కాట్జ్ గారి మీద కోపం రావడం లేదు.

6. మావాళ్లకు పాఠం చెప్పే అర్హత మీరు పోగొట్టుకుంటున్నారు. మా దేశంలో 1977లో సుప్రీంకోర్టు, సినిమా కోసం నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న సంగీతానికి నిర్మాతే యజమాని అని తీర్పిచ్చింది. మా పాటల రచయితలు, సంగీత దర్శకులు 35 ఏళ్లు దాంతో వేగారు. 2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది. సినిమా హాలు బయట జరిగే వాడకానికి రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కును రాసినవాడు తన వారసులకో, రాయల్టీలు వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇక ఎవరికీ రాసిచ్చేయడం కుదరదు. అమలు ఎంత బాగుందో అడక్కండి, అది వేరే ఉత్తరం. అయినా చట్టమంటూ ఒకటి ఉంది. మా చిన్నప్పుడు విఠలాచార్య గారి సినిమాలో దయ్యం తన కాళ్లే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేస్తుంటే వెనక మోగిన ఆర్.ఆర్. ఎవరెవరు వాయించారో మేమూ రాసిపెట్టుకోలేదు. తప్పు మావైపూ ఉంది కాబట్టే ఈ మాట గట్టిగా అనగలుగుతున్నాను.

ఇక నా కోరికలు. పెద్దవేమీ కావు.

క్యూ షీట్లలో ఉన్న కంపోజర్ల పేర్లను సినిమా వివరాల పేజీలోకి ఎక్కించండి. సినిమా ప్రింట్‌లోని టైటిల్స్ ముట్టుకోవద్దు, అది చరిత్ర, అలాగే ఉండనివ్వండి. గెర్షెన్‌సన్ గారి పేరూ తీయొద్దు. పక్కన మిగతావి చేర్చండి, అంతే. 1950ల యూనివర్సల్ సినిమాలతో మొదలుపెట్టండి, పరిశోధకులు ఇప్పటికే సగం పని చేసి పెట్టారు.

మిగిలి ఉన్న స్కోర్లు, షార్ట్ స్కోర్లు, పార్ట్స్ ఏమేమి ఉన్నాయో జాబితా ప్రచురించండి. కాగితాలు ఇవ్వమనడం లేదు, జాబితా. ఏ పెట్టెలో ఏముందో తెలిస్తే అడిగేవాడు సరిగ్గా అడుగుతాడు. స్కాన్ చేయించే స్తోమత మీకుంది. చేయించలేకపోతే ఏదైనా యూనివర్సిటీ లైబ్రరీకి అప్పగించండి.

స్కూలు బ్యాండులకు, టికెట్టు లేని కార్యక్రమాలకు ఒక చిన్న రుసుము పెట్టి, 60 రోజుల్లో అవుననో కాదనో చెప్పే పద్ధతి పెట్టండి. కాదన్నా సరే. మౌనం మాత్రం వద్దు.

ఇక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక మాట. ఇక్కడ ఏ గృహప్రవేశానికి వెళ్లినా పళ్లెం పట్టుకుని నిలబడ్డవాళ్లలో మీడియా కంపెనీల్లో డేటా పని చేసేవాళ్లు ఒకరిద్దరైనా తగులుతారు. మొన్న ఒకబ్బాయిని పట్టుకుని నా గోడు వెళ్లబోసుకున్నాను. పులిహోర తింటూ ఓపిగ్గా విని, "అంకుల్, ఆ ఫీల్డ్‌లో ఒక్క పేరే పడుతుంది. ఎప్పుడో అలా డిజైన్ చేశారు, ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు. మార్చడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. నవ్వి, "మార్చడం ఎంతసేపు అంకుల్, టికెట్ ఎవరు వేస్తారు?" అన్నాడు.

ఆ టికెట్ వేయండి, అంటే ఈ తప్పు దిద్దమని మీ కంపెనీ సిస్టమ్‌లో ఒక విన్నపం నమోదు చేయండి. పై అధికారికి ఒక మెయిల్ పెట్టండి. మీటింగ్‌లో ఒక్కసారి అడగండి, సినిమాకి కంపోజర్ ఒక్కడే ఉంటాడని మన సిస్టమ్ ఎందుకనుకుంటోందని. ఉద్యోగానికి ఎసరు తెచ్చుకోమని నేను చెప్పను. వీసా టెన్షన్లు నాకు తెలియనివి కావు. కానీ ఇది కంపెనీ మీద తిరుగుబాటేం కాదు, డేటా తప్పు. తప్పును తప్పని నమోదు చేయడం మీ పనే కదా.

మా కార్యక్రమం ఈ అక్టోబర్ 31 సాయంత్రం. పిల్లలకు ప్రాక్టీసు కోసం నెలైనా కావాలి, అంటే సెప్టెంబర్ 30 లోపు మీ జవాబు రావాలి. నా విన్నపం నంబరు మీకు పంపిన నాలుగు మెయిళ్లలోనూ ఉంది. కరపత్రం ప్రూఫ్ ప్రింటర్ దగ్గర సిద్ధంగా ఉంది. అందులో ఆ ఐటమ్ పక్కన స్టైన్, సాల్టర్, మాన్సినీ అని మూడు పేర్లు పెట్టించాను. జవాబు రాకపోతే ఆ రెండు నిమిషాలు కార్యక్రమంలోంచి తీసేస్తాం, అనుమతి లేకుండా వాయించం. అప్పుడు ట్రాంబోన్ అబ్బాయికి ఆ సంగతి చెప్పాల్సింది నేనే.

ఇట్లు,
ఒక కీబోర్డు ప్లేయర్,
న్యూజెర్సీ